చూపు పోయాక డెక్ కట్టొచ్చా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. డల్లాస్ దగ్గర సొంత ఇల్లు ఉంది. రెటినైటిస్ పిగ్మెంటోసా వల్ల చూపు మెల్లమెల్లగా తగ్గింది. రెండేళ్ల నుంచి వెలుతురు ఉందో లేదో తప్ప ఏమీ తెలియడం లేదు. ఉద్యోగం స్క్రీన్ రీడర్‌తో (తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) నెట్టుకొస్తున్నాను. చూపున్న రోజుల్లో షెల్ఫులు, పిల్లల మంచం నేనే చేశాను. ఇప్పుడు పెరట్లో 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున నేలకి దగ్గరగా అరుగులాంటి ఒక చెక్క డెక్ కట్టాలని ఉంది. మా ఆవిడ "కాంట్రాక్టర్‌కి ఇచ్చేద్దాం, వేళ్లు పోగొట్టుకుంటారు" అంటోంది. గుంటూరు నుంచి మా నాన్నగారూ ఫోన్లో అదే పాట. కొలతలు ఎలా తీసుకోవాలి? కరెంటు రంపం పట్టుకోవచ్చా? అసలు ఈ పని నాకు అవుతుందా?

సమాధానం: అవుతుంది. నాకు అయింది. గ్లకోమాతో నా చూపు పూర్తిగా పోయి పదహారేళ్లు. అట్లాంటాలో మా పెరట్లో ఉన్న డెక్ నేనూ మా బావమరిదీ కలిసి కట్టాం. బరువులు ఎత్తింది అతను, కోతలూ బిగింపులూ నావి. ఆ డెక్‌లో ఒక తప్పుంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు మీ ఆవిడ మాట. ఆవిడ భయంలో తప్పేమీ లేదు. రంపానికి ఎవరి వేలైనా ఒకటే. కానీ చూపు లేనివాళ్లు కరెంటు రంపం పట్టుకోవడం మీతోనో నాతోనో మొదలైన వింత కాదు. లూసియానాలోని రస్టన్‌లో 1985 నుంచి నడుస్తున్న లూసియానా సెంటర్ ఫర్ ది బ్లైండ్‌లో వడ్రంగం కూడా ఒక క్లాసు. కాస్తో కూస్తో చూపున్న విద్యార్థులు కూడా అక్కడ కళ్లకు గంతలు కట్టుకునే కరెంటు రంపాలు నేర్చుకుంటారు. మీకు అక్కడికి వెళ్లే వీలుంటే మరీ మంచిది, వీల్లేకపోయినా ఈ డెక్ ఆగక్కర్లేదు. ఆవిడకి నా తరఫున ఒక్క మాట చెప్పండి. రంపం తిరుగుతున్నప్పుడు "అయ్యో, జాగ్రత్త!" అని అరవొద్దు. అంతకంటే ప్రమాదం నేను చూడలేదు. అనాల్సింది ఏమున్నా రంపం ఆగాక అనాలి.

ఇక కొలతలు. చూపు పోయాక నేను మొదట చేసిన పొరపాటు టేపు పట్టుకోవడం. మావాడు పక్కన నిలబడి అంకెలు చదివేవాడు. "తొమ్మిది మీద మూడు గీతలు నాన్నా" అనేవాడు. ఏ గీతలు, పావువా, పదహారో వంతువా? రెండు కర్రలు పొట్టిగా కోసేశాక టేపు పక్కన పడేశాను. అప్పుడు గుర్తొచ్చాడు మా ఊరి వడ్రంగి. తెనాలి పక్క పల్లెలో మా ఇంటి తలుపులు చేసినాయన. ఆయన టేపు తీయగా నేను చూసింది తక్కువ. గుమ్మం దగ్గరికి ఒక వెదురు బద్ద తెచ్చి నిలబెట్టి, ఎత్తు దగ్గర ఒక గాటు, వెడల్పు దగ్గర ఒక గాటు పెట్టుకుని వెళ్లిపోయేవాడు. తలుపు ఆ గాట్లను బట్టే తయారయ్యేది. ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు అని అడిగితే ఆయనకీ తెలిసేది కాదేమో.

మీకు కావాల్సిన విద్య అదే. అంకె చదవడానికి కళ్లు కావాలి. రెండు చెక్కలు సమానంగా ఉన్నాయో లేదో చెప్పడానికి బొటనవేలు చాలు. రెండు అంచులు పక్కపక్కన పెట్టి వేలు అడ్డంగా జరపండి, అట్టముక్క మందం తేడా ఉన్నా గోరుకి తగులుతుంది. అందుకని ఈ పనిలో ఎక్కడ కొలవాల్సి వచ్చినా, "దీన్ని కొలవకుండా పోల్చగలనా?" అని మిమ్మల్ని మీరు ఒకసారి అడగండి. నూటికి తొంభై చోట్ల పోల్చవచ్చు. మిగిలిన చోట్లకి క్లిక్ రూల్ అని చూపు లేని వడ్రంగుల కోసమే చేసిన పనిముట్టు ఉంది. కడ్డీ లాగుతుంటే అంగుళంలో పదహారో వంతుకొక "టిక్" వినిపిస్తుంది, వేలికీ తెలుస్తుంది. అది ఒకటి కొనుక్కోండి. మాట్లాడే టేపులూ దొరుకుతాయి, నాకు వాటితో పొసగలేదు.

కర్ర కొనేముందు మూడు ఫోన్లు చేయండి. ఒకటి మీ హెచ్ఓఏకి (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం), ఒకటి మీ సిటీ ఆఫీసుకి, ఇంకొకటి 811కి. అమెరికాలో చాలా ఊళ్లు పాటించే ఇళ్ల కోడ్ ప్రకారం డెక్ 200 చదరపు అడుగులు మించకుండా, నేల నుంచి 30 అంగుళాలు దాటకుండా, ఇంటికి తగిలించకుండా, ఇంటి ముఖ్యద్వారానికి దారి కాకుండా ఉంటే పర్మిట్ అక్కర్లేదు. మీది 120 చదరపు అడుగులే. కానీ ఊరికో తిరకాసు ఉంటుంది, అందుకే ఫోన్ చేయమంటున్నాను. డెక్‌ని మోసే బీములు ఎన్ని, వాటి కింద నేల మీద పెట్టే బ్లాకులు ఎన్ని అన్నదానికి కూడా వాళ్ల దగ్గర పట్టికలు ఉంటాయి, అడిగి తీసుకోండి. 811 వాళ్లు వచ్చి గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో నేల మీద రంగుతో గుర్తు పెట్టి పోతారు. ఆ రంగు మనకు కనపడదు కాబట్టి మీ ఆవిడ చేత ప్రతి గీత మీదా చిన్న జెండా పుల్లలు గుచ్చించండి.

డెక్‌ని ఇంటి గోడకి తగిలించకండి. గోడలోకి బోల్టులు వేసి, నీళ్లు దిగకుండా రేకు మడిచి పెట్టే పని చూపున్నవాళ్లే చాలాసార్లు చెడగొడతారు. పైగా మీ నేల సంగతి ఒకటుంది. డల్లాస్ చుట్టుపక్కల ఉన్నది అచ్చంగా మన నల్లరేగడి లాంటి మన్ను. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలు విచ్చుతుంది. ఇంటి పునాది ఒకలా కదిలితే బ్లాకుల మీద కూర్చున్న డెక్ ఇంకోలా కదులుతుంది. విడిగా ఉంటే ఎప్పుడైనా జాకీ పెట్టి లేపి, బ్లాకు కింద నేల సరిచేసుకోవచ్చు.

ఇప్పుడు మూలలు. మూలమట్టం చిన్నది, 12 అడుగుల పనికి చాలదు. 3 అడుగులు, 4 అడుగులు, 5 అడుగుల బద్దలు మూడు కోసి త్రికోణంగా స్క్రూలు వేసేయండి, అదే పెద్ద మూలమట్టం. ఫ్రేము బయటి నాలుగు కర్రల్నీ దానికి ఆనించి పెట్టుకున్నాక అసలు పరీక్ష కర్ణాలది. రెండు కర్ణాలూ సమానమైతే మూలలు సరిగ్గా ఉన్నట్టే. మీ డెక్‌కి అది 15 అడుగుల 7 అంగుళాల పైచిలుకు వస్తుంది, కానీ ఆ అంకెతో మనకి పని లేదు. 10 అడుగుల సన్న బద్దలు రెండు తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒక కొన ఈ మూలలో, రెండో కొన ఎదుటి మూలలో తగిలేదాకా జరిపి, మధ్యలో క్లాంపు బిగించండి. దాన్ని అలాగే తీసుకెళ్లి రెండో కర్ణంలో పెట్టండి. పట్టకపోతే ఆ కర్ణం పొట్టి. వదులుగా ఉంటే పొడుగు. పొడుగున్న మూలని తేడాలో సగం లోపలికి తోయండి. తోయడానికి సుత్తి చాలు. నాలుగైదు సార్లలో కుదురుతుంది. నాకైతే ఆ రోజు మొత్తం పనిలో అదే బాగా నచ్చిన ఘడియ, ఆ బద్ద రెండు వైపులా "టక్" మని ఒకేలా కూర్చోవడం.

మట్టానికి, లెవెల్ కుదరగానే బీప్ కొట్టే డిజిటల్ రసమట్టాలు దొరుకుతాయి. ఫోన్ కూడా డిగ్రీలు చదివి చెప్తుంది. నేను మాత్రం అల్యూమినియం యాంగిల్ ముక్కలో ఒక గోళీ వేసి బీము మీద పెడతాను. గోళీ ఎటు దొర్లితే అటు పల్లం. చప్పుడు వినిపిస్తుంది, ఎంత తొందరగా దొర్లిందో దాన్ని బట్టి పల్లం ఎంతో కూడా తెలుస్తుంది. మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీండి.

జాయిస్టుల దగ్గర కాస్త ఆగుదాం, డెక్‌కి ప్రాణం అదే. బీముల మీద వరసగా నిలబెట్టే అడ్డకర్రలివి. షాపులో "టూ బై ఎయిట్" అంటారు గానీ అసలు మందం 1.5 అంగుళాలు, ఎత్తు 7.25. పైన పరిచే పలక మందం 1 అంగుళం, వెడల్పు 5.5. భిన్నాలని స్క్రీన్ రీడర్ గందరగోళం చేస్తుంది కాబట్టి దశాంశాల్లో రాస్తున్నాను. ఒక జాయిస్టు మధ్య నుంచి ఇంకో జాయిస్టు మధ్యకి 16 అంగుళాలు ఉండాలి. చూపున్నవాళ్లు రిమ్ కర్ర (జాయిస్టుల కొసలు వచ్చి తగిలే బయటి కర్ర) మీద ప్రతి 16కీ పెన్సిల్ గీత గీస్తారు. మనకి గీతలు వద్దు, ఖాళీలు చాలు. 16లోంచి ఒక కర్ర మందం 1.5 తీసేస్తే మిగిలేది 14.5. ఆ పొడవుకి ఒక చెక్కముక్క కోసుకుని రెండు జాయిస్టుల మధ్య ఇరికిస్తే లెక్క అయిపోయినట్టే. మొదటి ఖాళీ, చివరి ఖాళీ మాత్రం వేరు. అక్కడ లెక్క బయటి అంచు నుంచి మొదలవుతుంది కాబట్టి 13.75 వస్తుంది. 12 అడుగులకి మొత్తం 10 జాయిస్టులు, 9 ఖాళీలు. రెండు చివర్లా 13.75, మధ్యలో ఏడు 14.5. కూడి చూసుకోండి, 144 అంగుళాలు కచ్చితంగా వస్తుంది.

అంటే మీకు కావాల్సింది రెండు చెక్కముక్కలు. 14.5 ముక్కకి ఒక పక్క చిన్న గాటు పెట్టండి, 13.75 ముక్కకి రెండు గాట్లు. చీకట్లో తడిమినా ఏది ఏదో తెలియాలి (మనకి ఎప్పుడూ చీకటేగా, అలవాటు మాట). ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. కర్రలన్నీ సరిగ్గా 1.5 ఉండవు, తడి కర్ర కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ చిన్న చిన్న తేడాలు కలిసి చివరికి అరంగుళం అవుతాయి. అందుకని ఒక పొడవాటి బద్దని 63.25 అంగుళాలకి కోసి పెట్టుకోండి. ఫ్రేము బయటి అంచు నుంచి అయిదో జాయిస్టు ఇవతలి ముఖం దాకా అంత ఉండాలి. అక్కడికొచ్చాక బద్ద పెట్టి చూసి, తేడా ఉంటే అక్కడే సర్దేయండి. తర్వాత అవతలి చివర నుంచి మొదలుపెట్టి లోపలికి రండి.

ఇప్పుడు నా తప్పు సంగతి. ప్రతి పొడవాటి కర్రకీ ఎంతో కొంత వంపు ఉంటుంది, విల్లులాగా. ఆ వంపు పైకి ఉండేలా నిలబెట్టాలి, బరువు పడేకొద్దీ అది సమానమవుతుంది. కళ్లున్నవాళ్లు కర్ర కొన దగ్గర ఒక కన్ను మూసి చూస్తారు. మనం కర్ర అంచు మీద ఈ కొన నుంచి ఆ కొనకి పురికొస గట్టిగా లాగి, మధ్యలో వేలు పెట్టాలి. తాడుకీ కర్రకీ మధ్య సందు ఉంటే ఆ అంచు గుంట, తాడు కర్రకి అతుక్కుపోయి ఉంటే ఆ అంచు ఉబ్బు. ఉబ్బున్న అంచు మీద రెండు కొసల్లోనూ ఉలితో చిన్న గాటు పెట్టండి, ఆ గాటు ఎప్పుడూ పైకే. నేను ఎనిమిది కర్రలు ఇలా చూసి, అన్నం వేళ అయిందని చివరి రెండూ చూడకుండా ఎక్కించేశాను. అందులో ఒకటి తలకిందులుగా పడింది. వాన వస్తే అక్కడ ఒక పళ్లెం పట్టేంత నీళ్లు నిలుస్తాయి. ఇప్పటికీ చెప్పుల్లేకుండా నడిస్తే ఆ జాయిస్టు దగ్గర నా కాలికి గుంట తెలుస్తుంది. వచ్చిన చుట్టాలెవరికీ తెలియదు, నేనూ చెప్పను.

రంపం. చేత్తో పట్టుకుని నెట్టే గుండ్రటి రంపంతో మొదలుపెట్టకండి. బల్లకి బిగించి, పిడి పట్టి పైనుంచి కిందికి దించి కోసే మైటర్ రంపం తీసుకోండి, బ్యాటరీది అయితే వైరు కాళ్లకి అడ్డం పడదు. రంపం ఒకే చోట ఉంటుంది, పళ్లెం (తిరిగే గుండ్రటి బ్లేడు) ఒకే దారిలో దిగుతుంది, మీ చేతులు ఎక్కడున్నాయో మీకు ఎప్పుడూ తెలుస్తుంది. జాయిస్టుల పొడవు 10 అడుగుల్లోంచి రెండు రిమ్ కర్రల మందం పోగా 117 అంగుళాలు. ఒక పొడవాటి పలకని రంపం బల్లకి కలిపి, 117 దగ్గర అడ్డుచెక్క బిగించండి. ఆ ఒక్క కొలత మాత్రం ఇంకొకరి చేత రెండుసార్లు చూపించండి. తర్వాత పది కర్రలూ ఆ అడ్డుకి ఆనించి కోస్తే పదీ ఒకే పొడవు వస్తాయి. ఒక కర్ర పొడవు చూసి రెండోదాన్ని గుర్తు పెట్టాల్సిన చోట పెన్సిల్ వద్దు, కత్తితో గాటు పెట్టండి. పెన్సిల్ గీత మన వేలికి అందదు.

ప్రతి కోతకీ వరస ఒకటే. బ్యాటరీ తీసేయండి. పళ్లేన్ని చేత్తో కిందికి దించి, కత్తి గాటు రంపం పన్నుకి తగిలేదాకా కర్ర జరపండి. గాటుకి ఏ పక్క పనికొచ్చే ముక్కో, ఏ పక్క పారేసేదో చూసుకోండి, పన్ను పారేసే పక్కనే పడాలి. పళ్లెం పైకెత్తి, కర్రని క్లాంపుతో బిగించండి. కర్రని చేత్తో పట్టుకుని కోయడం మీకు ఎప్పటికీ లేదు, ఎంత అలవాటైనా సరే. బ్యాటరీ పెట్టండి. కుడిచెయ్యి పిడి మీద, ఎడమచెయ్యి ప్యాంటు వెనక జేబులో. నవ్వులాటకి అనడం లేదు, నా ఎడమచెయ్యి ఇప్పటికీ జేబులోనే ఉంటుంది. రంపం పూర్తి వేగం అందుకోనిచ్చి నెమ్మదిగా దించండి. కర్ర తెగగానే చప్పుడు ఒక్కసారిగా తేలికవుతుంది. ట్రిగర్ వదిలి, పళ్లెం కిందే ఉంచి, పూర్తిగా నిశ్శబ్దం అయ్యాకే పైకెత్తండి. జేబులో చెయ్యి అప్పుడు బయటికి రావాలి.

చెవులకి మఫ్ పెట్టుకుంటే మనకి దిక్కు తెలియదు, పెట్టుకోకపోతే చెవులు పోతాయి, చెవులు పోతే మనకి ఇంకేం మిగులుతుంది? పెద్ద చప్పుడు మాత్రమే ఆపి మాటలు వినిపించే ఎలక్ట్రానిక్ మఫ్‌లు ఉంటాయి, అవి కొనండి. కళ్లద్దాలు కూడా పెట్టుకోవాలి. "చూపే లేదు, అద్దాలెందుకు?" అని మా బావమరిది అన్నాడు. చిన్న చెక్కపేడు కంట్లో గుచ్చుకుంటే చూపు లేని కన్నూ అంతే మండుతుంది.

పెరట్లో తిరగడం గురించి చిన్న చిట్కా. రంపం బల్ల దగ్గర ఒక చిన్న రేడియో మెల్లగా మోగుతూ పెట్టండి. పెరడంతా పని చెత్త పడి ఉన్నా రంపం ఎటు, ఇల్లు ఎటు అన్నది దాన్ని బట్టి తెలుస్తుంది. స్క్రూ గన్ను, క్లాంపులు, ఉలి ఒక ట్రేలో, ప్రతిసారీ అదే చోట పెట్టాలి. సాయం చేయడానికి వచ్చినవాళ్లు వస్తువులు "సర్దడం" మొదలుపెడితే టీ ఇచ్చి కూర్చోబెట్టండి. జాయిస్టులు పెట్టాక, పలకలు పరిచేలోపు వాటి మీద నడవకండి. ఒక ప్లైవుడ్ షీటు వేసుకుని దాని మీద మోకాళ్లతో జరగండి.

స్క్రూల సంగతి. చెదలు, కుళ్లు పట్టకుండా మందు ఎక్కించిన ఈ ట్రీటెడ్ కర్రలో రాగి ఉంటుంది, అది మామూలు ఇనుముని తినేస్తుంది. స్టెయిన్‌లెస్ వాడండి, లేదా వేడి జింకులో ముంచినవి వాడండి. జింకులో ముంచినవి చేతికి గరుకుగా తగులుతాయి, మామూలు పూతవి నున్నగా ఉంటాయి. డబ్బా మీద రాసింది చదవలేకపోయినా ఇలా తేడా పట్టొచ్చు. ఎవరైనా పాత డెక్ విప్పిన కర్ర ఊరికే ఇస్తామంటే మాత్రం వద్దనండి. 2003 చివరి దాకా ఇళ్లకి అమ్మిన ట్రీటెడ్ కర్రలో ఆర్సెనిక్ ఉండేది, ఆ పొట్టు పీల్చకూడదు. కొత్త కర్రకైనా మాస్కు వేసుకునే కోయండి.

పై పలకలు తేలికే. కర్ర బరువుగా, చల్లగా, చెమ్మగా తగిలితే సందు వదలకుండా ఆనించి పరిచేయండి, ఎండాక అదే సందు ఇస్తుంది. పొడిగా తేలిగ్గా ఉంటే మేకు మందం సందు వదలండి. తడి పలకలైతే 22 ఆనించి వేస్తే 121 అంగుళాలు వస్తాయి, ముందు అంచు ఒక అంగుళం బయటికి ఉంటుంది, ఏ పలకనీ పొడుగునా చీల్చే పని పడదు. స్క్రూ ఎక్కడ పడాలో తెలియడానికి చిన్న ప్లైవుడ్ ముక్కకి పలక అంచు నుంచి అంగుళం లోపల పడేలా రెండు బెజ్జాలు పెట్టుకుని, దాన్ని జాయిస్టు మీద ఆనించి బెజ్జాల్లోంచి బిగించండి.

అంతా అయ్యాక డెక్ మూడు వైపులా అంచున ఒక టూ బై ఫోర్ కర్రని, నీళ్లు పోయేలా కింద చిన్న ముక్కలు పెట్టి లేపి బిగించండి. 30 అంగుళాల లోపు ఎత్తుకి రెయిలింగు తప్పనిసరి కాదంటారు, కానీ చూపు లేని మనిషికి అంచు చేతికర్రకి తగలాలి, పాదానికి తగలాలి. మా ఇంట్లో ఆ అంచు కర్ర ముందు లేదు. ఒకరోజు కాఫీ కప్పుతో సహా మందారం చెట్టులోకి వెళ్లాక వచ్చింది.

బరువులు ఎత్తడానికి ఒకరిని పెట్టుకోండి, రెండో మనిషి లేకుండా 12 అడుగుల తడి కర్ర తిప్పడం ఎవరి వల్లా కాదు. లారీ వచ్చినప్పుడు మీరు అక్కడే ఉండి జాయిస్టులు ఒక కుప్ప, పలకలు ఒక కుప్ప వేయించండి. వాళ్లని ఊరికే వదిలితే అన్నీ కలిపి డ్రైవ్‌వేలో పడేసి పోతారు. ఇంతకీ, మొదటి కోత డెక్‌ది వద్దు. ఒక శనివారం కూర్చుని ఆ 14.5, 13.75 ముక్కలు రెండూ కోయండి. అవి కుదిరాక మీ ఆవిడ చేతికిచ్చి, టేపు పెట్టి చూడమనండి.